అన్ని గోడల మీదా రెండు చేతులు

మా ఇంట్లో గోడల నిండా తెరల మీద వెలిగే ఫోటోలే. ఇప్పుడు అందరి ఇళ్ళూ అంతే. తెరలన్నీ ఒకదానికొకటి కలిసి ఉంటాయి, ఒకచోట ఫోటో దిద్దితే చుట్టాలందరి గోడల మీదా మారిపోతుంది. ఆ దిద్దడం నేర్చుకోవడానికి నా భార్య స్వరూప నెల రోజులు క్లాసుకు పోయింది.

నా ఎడమ చెయ్యి పెళ్ళికి ముందే రైసుమిల్లు బెల్టులో పడి పోయింది. "నీకు చెయ్యి లేదన్న సంగతే నాకు యాదికుండదయ్యా" అని స్వరూప నలభై ఏళ్ళుగా అంటూ వచ్చింది. నేను నమ్మాను.

నిన్న పొద్దున లేచి చూస్తే, పెళ్ళి ఫోటోతో సహా అన్నిట్లో నాకు రెండు చేతులున్నాయి.

"ఎంతవరకు మార్చొచ్చని చెప్పిన్రు మీ క్లాసుల?" అని అడిగాను.

"మనుషులను మార్చొద్దు, మరకలైతే తుడవొచ్చన్నరు. నేను గంతే చేసిన. మా చెల్లె అప్పుడే ఫోన్ చేసింది, బావ ఎంత మంచిగున్నడో అని!"



ఇన్నేళ్ళలో స్వరూప టీ గ్లాసు నా కుడి చేతికి తప్ప ఇచ్చి ఎరగదు. నిన్న గోడ వైపే చూస్తూ నా ఎడమ పక్కకు చాపి, వదిలేసింది. గ్లాసు పగిలిన చప్పుడుకు గానీ నా వైపు చూడలేదు.