లెక్కల మాస్టారి కోటు

లెక్కల మాస్టారు టైలరు షాపులోకి అడుగుపెట్టేసరికి బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

ముదురు నీలం కోటు. ఎక్కడా ముడత లేదు, బిగువు లేదు. భుజాల మీద అతికినట్టు కూర్చుంది.

మాస్టారికి ఒళ్లు మండింది.

మాస్టారు ఐదడుగులకి ఒక అంగుళం తక్కువ. పిల్లలు చాటుగా 'హాఫ్ టికెట్' అంటారని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసన్న సంగతి పిల్లలకీ తెలుసు.

పొడుగ్గా కనబడటానికి ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. నిలువు చారల చొక్కాలు తొడిగాడు. ఎత్తు మడమల బూట్లు కొని మెట్ల మీద బోర్లా పడ్డాడు. బావమరిది పెళ్లికి భుజాల్లో దూది దట్టించి, మోకాళ్లదాకా కోటు కుట్టించుకుంటే, భార్య ఎగాదిగా చూసి, "ఏవండీ, లోపలున్నారా?" అంది.

ఇప్పుడాయన్ని హెడ్మాస్టర్ని చేశారు. మూడు వారాల్లో బడి తెరుస్తారు. మొదటిరోజు ఎనిమిది వందల మంది పిల్లల ముందు నిలబడి మాట్లాడాలి. 

కొలతల కోసం ఆ పెళ్లి కోటే వేసుకొచ్చాడు. భుజాలు ఇంకాస్త పెంచాలనీ, పొడుగు తగ్గించకూడదనీ, రంగు నల్లగా ఉండాలనీ టైలరుకి చెప్పాడు. టైలరు నసిగాడు. బెంచీ మీది పెద్దాయన అడగకుండానే కలగజేసుకుని, కోటు పొడుగైన కొద్దీ కాళ్లు కురచగా కనిపిస్తాయన్నాడు.

"మీకేమండీ. దేవుడు పోతపోసినట్టు ఒళ్లిచ్చాడు. గోనెసంచి చుట్టుకున్నా నప్పుతుంది. మా బాధ మీకేం తెలుస్తుంది?" అన్నాడు మాస్టారు కటువుగా.

టైలరు తల దించుకుని టేపు చుట్టసాగాడు.

పెద్దాయన మాత్రం హాయిగా నవ్వాడు. "సరే, నాకు తెలీదు. మీరే చెప్పండి. రోజంతా ఏం చేస్తుంటారు?"

"లెక్కలు చెబుతాను."

"అయితే బోర్డు మీద రాస్తున్నట్టు చెయ్యెత్తండి."

ఎందుకో మాస్టారు ఎత్తాడు. కోటు మొత్తం లేచి చెవులకి తగిలింది.

"పొడుగ్గా కనబడటానికి కుట్టించుకున్నారిది. ఈసారి లెక్కల మాస్టారిలా కనబడటానికి కుట్టించుకోండి," అన్నాడు పెద్దాయన.

తర్వాత అరగంటసేపు ఆయన చెబుతూనే ఉన్నాడు. చంక దగ్గర కోత పైకి ఉంటే చెయ్యెత్తినా కోటు కదలదట. పొడుగు పిరుదులు దాటకూడదట. భుజాల్లో దూది అసలే వద్దట. ప్యాంటు కూడా అదే గుడ్డతో కుట్టి నడుం పైదాకా తొడుక్కుంటే మనిషంతా ఒకే గీతలా ఉంటాడట. రంగు బూడిద రంగే మేలట, సుద్దపొడి పడినా కనబడదు. టైలరు ఇవన్నీ కొత్తగా వింటున్నట్టు శ్రద్ధగా రాసుకున్నాడు.

ట్రయల్ రోజున వెళ్తే మళ్లీ ఆయనే ఉన్నాడు. ఈయనకింకేం పని లేదా అనుకుంటూ మాస్టారు కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు.

అద్దంలో మనిషి పొట్టిగానే ఉన్నాడు. కాని ఆ పొట్టి మనిషి చూడముచ్చటగా ఉన్నాడు.

చెయ్యెత్తి చూశాడు. కోటు కదల్లేదు. గాల్లో ఒక లెక్క మొత్తం చేసేశాడు.

చాలా బాగుందని చెప్పాలనే ఉంది. నోరు రాలేదు. "పర్లేదు," అన్నాడు.

ఏ టై కట్టుకోవాలని అడిగితే మాత్రం పెద్దాయన చెప్పలేదు. "అది మీరే ఎంచుకోవాలి. ఇక నన్నడక్కండి," అన్నాడు.

మాస్టారు రెండు రోజులు ఆలోచించి, బోర్డు రంగులో ముదురాకుపచ్చ టై కొనుక్కున్నాడు.

బడి తెరిచిన రోజు వేదికెక్కాడు. మైకు ఆయన నెత్తికంటే పైన ఉంది. మునుపైతే మునివేళ్ల మీద లేచేవాడు. ఇప్పుడు తాపీగా దాన్ని కిందికి దించి, "ఇది కూడా మీలాగే, సెలవుల్లో బాగా పెరిగింది," అన్నాడు.

ఎనిమిది వందల మంది ఘొల్లున నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన ప్రతి మాటా వాళ్లు విన్నారు.

ఏడాది తిరిగేసరికి కొత్త మాస్టార్లు ఆయన్ని టైలరు అడ్రసు అడగసాగారు. పిల్లలు కూడా పేరు మార్చారు. ఇప్పుడాయన 'కోటు మాస్టారు'.

వేసవి సెలవుల్లో రెండో కోటుకి గుడ్డ తీసుకుని షాపుకెళ్లాడు. ఈసారి రంగు తనే ఎంచుకున్నాడు. అది పెద్దాయనకి చూపించాలనీ, ఆ రోజు రాని మాట ఇప్పుడైనా చెప్పాలనీ ఆరాటం.

బెంచీ ఖాళీగా ఉంది.

"పోయారండీ. రెండు నెలలైంది. నిద్రలోనే," అన్నాడు టైలరు.

మాస్టారు గుడ్డని ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. పెద్దాయన అప్పుడు కుట్టించుకుంటున్నది ఏ కోటు అని అడిగాడు.

"ఏ కోటూ లేదు మాస్టారూ. పొడుగ్గా కనబడాలి, పొడుగ్గా కనబడాలి అని మీరు వచ్చేముందు ఫోన్లో మూడుసార్లన్నారు. వెంటనే ఆయనకి కబురు పెట్టాను. ఒంటిని తలుచుకుని కుంగిపోయేవాళ్లు ఎవరొచ్చినా పెట్టేవాణ్ణి. కోటు కోసం వచ్చినట్టు ఇక్కడ కూర్చునేవారు."

"ఆయన్నే ఎందుకు?"

టైలరు అల్మారాలోంచి పెద్దాయన కోటు కత్తిరింపు కాగితాలు తీశాడు. వీపు భాగానివి కుడి, ఎడమ రెండు ముక్కలు. ఒకదాని మీద ఒకటి పెడితే సరిపోవాలి. ఎక్కడా సరిపోలేదు. ఒక భుజం రెండంగుళాలు కిందికి ఉంది. రెండోవైపు వీపు ఉబ్బుగా ఉంది.

"పుట్టు గూనండీ ఆయనకి," అన్నాడు టైలరు, "ముప్పయ్యేళ్లొచ్చేదాకా పగటిపూట గడప దాటలేదు."