పేరు చెప్పకు

"ఆ అమ్మాయి పేరు..."

"చెప్పకు!" వెంకటరత్నమ్మ గారు చెయ్యెత్తి ఆపేశారు. "మొదటిరోజు నేనేం నేర్పాను?"

"పేరు మార్చాలి, ఊరు మార్చాలండీ," అంది పార్వతి నెమ్మదిగా. "కష్టం మాత్రం మార్చకూడదు."

"అదీ! నాకు మనిషి అక్కర్లేదు. కష్టం చెప్పు."

బందరులో సంఘసేవ నేర్పే ఆ శిక్షణ కేంద్రంలో ఇన్‌స్ట్రక్టరు వెంకటరత్నమ్మ గారంటే ఆడపిల్లలందరికీ హడలు. అంతకు మించి గౌరవం. వాళ్ళని గిలకలదిండిలో చేపలు పట్టే పల్లెకారుల ఇళ్ళకీ, పెడన మగ్గాల సందుల్లోకీ పంపేవారు. చూసొచ్చిన కష్టాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని విని, ఏం చెయ్యాలో చెప్పేవారు. పేరు బయటికొస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. పేరు తెలిస్తే మన బుర్ర ఎటో ఒకవైపు మొగ్గుతుందని ఆవిడ సిద్ధాంతం. సిద్ధాంతాలున్న మనిషితో వాదించడం ఎవరి తరం?

"సరేనండీ. సీత అనుకోండి. గుడివాడ అనుకోండి," అంది పార్వతి. "మొగుడికి దూరాన ఉద్యోగం. ఇంట్లో పెద్దవాళ్ళు పగలు బయటికెళ్తూ ఆ పిల్లని లోపల పెట్టి తాళం వేసుకుపోతారండీ."

"తాళమా? మనిషిని పెట్టా?"

"కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ అంతేనటండీ. నిన్న వెనకసందులోంచి వస్తుంటే ఏడుపు వినిపించింది. కిటికీలోంచి తొంగిచూస్తే..." పార్వతి ఓసారి గుమ్మంవైపు చూసింది. "దూలానికి చీర కట్టి, పీటెక్కి నిలబడిందండీ."

వెంకటరత్నమ్మ గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

"ఊచల్లోంచి చెయ్యి దూర్చి, వేలాడుతున్న కొంగు పట్టుకున్నానండీ. తను దిగేదాకా వదల్లేదు. రేపు వచ్చి తీసుకెళ్తానని ఒట్టేశాను. రేపటిదాకానే చూస్తానంది. ఆ రేపు ఇవాళేనండీ."

చెబుతూ చెబుతూ పార్వతి కుడిచేతిని పైటకింద దాచుకుంది. మోచెయ్యి దగ్గర తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. అది ఆవిడ చూడనే చూశారు. ఊచల్లోంచి చెయ్యి దూర్చిందట! ఎవరికి చెబుతుందీ కబుర్లు?

ఆవిడ ఇలాంటివెన్ని చూశారు! పార్వతి పుట్టిల్లు పెడన. మొగుడు విశాఖలో ఓడలు కట్టేచోట పనిచేస్తాడు. ఈ పిల్ల ఇక్కడ అత్తగారి పంచన ఉంటోంది. సీతా లేదు, గుడివాడా లేదు, కష్టం ఈ పిల్లదే. పగలు తాళం వేస్తే క్లాసుకెలా వస్తుందంటారా? పేరూ ఊరూ మార్చిన పిల్ల రాత్రిని పగలు చెయ్యలేదా?

"మీ అత్తగారు నిన్నెలా చూస్తుందే?" అని అడిగారు, ఏమీ ఎరగనట్టు.

"మా అత్తయ్య బంగారమండీ," అంటూ పార్వతి తల దించుకుంది.

అయ్యో, నోరు విప్పలేకపోతోంది పిచ్చిపిల్ల! ఆవిడ దగ్గరికి జరిగి భుజం నిమిరారు.

"అత్తలందరూ ఒక్కలా ఉండరమ్మా. మా వాడు ఖరగపూర్ రైల్వేలో ఉన్నాడా, కోడలు నా దగ్గరే ఉంటుంది. గడప దాటే అవసరం లేకుండా చూసుకుంటాను. ఎండ కన్నెరగదు."

పార్వతి తలెత్తి ఆవిడ మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"టీచరుగారూ, మీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి పేరు చెప్పనివ్వండి."

"వద్దన్నానా! పేరు చెప్పావంటే రేపు మనం ఒకరి మొహం ఒకరు చూసుకోలేం. ముందు పని చూడు. పుట్టిల్లెక్కడ?"

"దివిసీమ అనుకోండి."

"అవనిగడ్డ బస్సెక్కించి ఊరుకోకు. తల్లి చేతిలో పెట్టేదాకా నువ్వూ వెంటే ఉండు. రేపు క్లాసుకి రాకపోయినా నేనేమీ అనను."

"ఆ పెద్దవాళ్ళకి ఊళ్ళో మంచి పేరుందండీ. రేపు నా మీదికొస్తే?"

"ఇన్‌స్ట్రక్టరు వెంకటరత్నమ్మ చెయ్యమందని మొహమ్మీదే చెప్పు! పిల్ల ప్రాణం కంటే వాళ్ళ పరువెక్కువా? ఛీ, వాళ్ళసలు మనుషులేనా?"

"మరి తాళమండీ?"

"పగలగొట్టు."

ఆవిడ విసురుగా లేచి, బొడ్లోంచి తాళాలగుత్తి లాగి బీరువా తెరిచారు. గోడలకి చార్టులు కొట్టే ఎర్రపిడి సుత్తి తీసి పార్వతి చేతిలో పెట్టారు. పార్వతి అందుకుని, ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం క్లాసులో పార్వతి చోటు ఖాళీగానే ఉంది. అది చూసినప్పుడల్లా ఆవిడకి గుండె తేలికపడింది. ఈపాటికి బస్సెక్కి ఉంటుంది. ఎంతమందికొస్తుంది ఆ ధైర్యం?

సాయంత్రం ఇంటిదారి పట్టినా ఆ దూలమూ, ఆ చీరా కళ్ళముందునించి కదల్లేదు. మనుషుల్లో ఇంత రాక్షసత్వం ఉంటుందా? ఇంటికెళ్ళగానే ఇదంతా కోడలికి చెప్పాలనుకున్నారు. ఎప్పుడు చూసినా మొహం ముడుచుకుని కూర్చుంటుంది. తనెంత అదృష్టవంతురాలో దానికీ తెలియాలి.

వీధి మలుపు తిరుగుతూనే చెయ్యి అలవాటుగా బొడ్లోకి పోయింది. గుత్తిలో వీధితలుపు తాళంచెవి ఏరుకుంటూ మెట్లెక్కి తల ఎత్తారు.

గడప మీద, పగిలిన తాళం పక్కన, ఎర్రపిడి సుత్తి ఉంది.