మైనస్ పద్దెనిమిది

"ముందు లోపలున్నవన్నీ తీసి బయటపెట్టాలమ్మా. ఖాళీ చేస్తేగాని పని మొదలుపెట్టలేను," అన్నాడు మెకానిక్ ఫ్రీజర్ తలుపు మీద చెయ్యేసి.

ఆ ఇంటావిడ వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది. "ఒక్కటి కూడా బయటికి తీయడానికి వీల్లేదు బాబాయ్."

మెకానిక్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఇలా అడ్డంపడే వాళ్ళని చాలామందిని చూశాడాయన. ఎప్పటివో బఠాణీలు, సగం తిన్న ఐస్‌క్రీము, వాటి కోసం ప్రాణాలిచ్చేస్తారు. ఏం దాచుకుందో చూద్దామని ఆవిడ పక్కనుంచే తలుపు జానెడు తెరిచాడు.

లోపల అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ సంచులు, పుస్తకాల్లా నిలబెట్టి వరసగా సర్దినవి. ఒక్కో సంచి మీదా తేదీ, టైము. పొద్దున అయిదున్నర, ఎనిమిది, పదకొండు. అవి తల్లిపాలని తెలియడానికి ఆయనకి అట్టే సేపు పట్టలేదు. నోరు మూసుకుని తలుపు కూడా మూసేశాడు.

ఆవిడ గబగబా సంగతంతా చెప్పుకొచ్చింది. పొద్దుట్నుంచీ ఫ్రీజర్ మీద అంకె ప్లస్ ఆరు చూపిస్తోంది, ఆగకుండా కూస్తోంది. నాలుగింటికి ఆసుపత్రి వ్యాను వస్తుంది. అంకె మైనస్ పద్దెనిమిది దాటి పైకెళ్ళి ఉంటే ఒక్క సంచి కూడా తీసుకెళ్ళేది లేదనీ, అంతా పారబోసుకోవలసిందేననీ నర్సు ఫోన్లో ఖరాఖండిగా చెప్పేసింది. మూడు వారాల పాలు.

"పారబొయ్యడం మాత్రం నావల్ల కాదు బాబాయ్," అంది.

మెకానిక్ గోడ గడియారం చూశాడు. రెండున్నర. బల్ల మీద పాలు తీసే పంపు కడిగి గుడ్డ మీద బోర్లించి ఉంది. పక్కనే ఒక్క కంచం, ఒక్క గ్లాసు. ఇంట్లో సాయానికి ఎవరూ లేరా అని అడిగాడు. అమ్మ ఉండి మొన్ననే వెళ్ళిందట, ఎన్నాళ్ళని ఉంటుంది. భర్తది ఊళ్ళు తిరిగే ఉద్యోగం, శనివారం గాని రాడట. ఇంతలో ఫ్రీజర్ మళ్ళీ కూసింది. ఆవిడ బటన్ నొక్కి నోరు మూయించింది. పొద్దుట్నుంచీ ఆ ఇంట్లో ఆవిడని పలకరించింది అదొక్కటే.

మెకానిక్ వంగి వెనకవైపు చెయ్యి పెట్టి చూశాడు. మోటారు చుర్రుమంది. అయితే తిరుగుతోంది, తెగ తిరుగుతోంది. ఆయనకి అనుమానం వచ్చింది. తన సంచిలోంచి సన్నటి తీగ ఉన్న థర్మామీటరు తీసి, కొసని పాల సంచుల మధ్య దోపి, తలుపు మూసేశాడు. అరగంట ఆగాలన్నాడు.

అరగంటంటే మాటలా? ఇద్దరూ నేల మీదే కూర్చున్నారు. ఆయనకి మాట్లాడకుండా కూర్చోవడం చేతకాదు. పాపా బాబా అని అడిగాడు. పాప అంది. ఇంక అందుకున్నాడు. తన మనవరాలు ఏడో నెలలోనే పుట్టిందనీ, పాతిక రోజులు అద్దాల పెట్టెలో ఉందనీ, పిడికెడంత ఉండేదనీ, ఇప్పుడు పట్టుకుందామంటే దొరకదనీ చెప్పాడు. "మీ పాపా అంతేనమ్మా, చూస్తూ ఉండండి. ఇల్లు పీకి పందిరేస్తుంది."

ఆవిడ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, మనవరాలు ఇంకా ఏమేం చేస్తుందని అడిగింది. గోడల నిండా గీతలు గీస్తుందని చెప్పాడు. ఇంకా అంది. చెప్పులు దాచేస్తుందన్నాడు. ఇంకా అంది. చెప్పడానికి ఆయన దగ్గరే కబుర్లు అయిపోయాయి.

మూడయ్యింది. థర్మామీటరు మైనస్ ఇరవై నాలుగు చూపించింది. పైన ఫ్రీజర్ అంకె మాత్రం ప్లస్ ఆరు దగ్గరే ఉంది.

మెకానిక్ ముఖం విప్పారింది. లోపలి పక్కగోడకున్న చిన్న మూత విప్పి, చిక్కుడుగింజంత సెన్సర్ని తీగతో సహా బయటికి లాగాడు. గ్లాసులో ఐసుముక్కలూ నీళ్ళూ తెప్పించి అందులో ముంచాడు. పైన అంకె సున్నా చూపించాలి. ముప్పై చూపించింది.

"ఇదమ్మా దొంగ. పచ్చి అబద్ధాలకోరు," అన్నాడు. "చల్లగా గడ్డకట్టి ఉంటే వేడిగా ఉందని చెబుతోంది. దీని మాట నమ్మి మోటారు పాపం గొడ్డులా చాకిరీ చేస్తోంది. మీ పాలకేం కాలేదు."

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన కొత్త సెన్సర్ బిగించడంలో మునిగిపోయాడు. బిగించాక కూత ఆగింది. అంకె మెల్లగా దిగుతూ మైనస్ ఇరవై మూడు దగ్గర నిలబడింది.

నాలుగింటికి సరిగ్గా వ్యాను వచ్చింది. నర్సు అంకె చూసింది. మెకానిక్ పాత సెన్సర్ని మళ్ళీ ఐసునీళ్ళలో పెట్టి, తన కరెంటు మీటరు తగిలించి, అది తప్పు చెబుతోందని సాక్ష్యం చెప్పినట్టు చూపించాడు. నర్సు సంచులు గట్టిగా నొక్కి చూసి, లెక్కపెట్టి, తెల్లటి డబ్బాలోకి సర్దుకుంది.

"ఇవాళ ఇవి రాకపోతే ఆ కవలలిద్దరికీ ఏం పట్టాలో తెలిసేది కాదమ్మా," అని చెప్పి నర్సు డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మెకానిక్ స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుంటూ నవ్వాడు. "కవలలా? మరి పాప అన్నారే. వెళ్ళి చూసి రాకూడదూ, వ్యానులో చోటుందిగా?"

ఖాళీ అయిన ఫ్రీజర్ తలుపు ఆవిడ నెమ్మదిగా మూసింది.

"వాళ్ళు ఎవరి పిల్లలో నాకు తెలియదు బాబాయ్. మా పాప పోయి నెలయింది. పాలకే ఆ సంగతి ఇంకా తెలియలేదు."