ఎర్ర కోటు

రేపటి నిరసనలో దుప్పట్లు చిరిగినవాళ్ళే ముందు వరసలో నిలబడాలని చరిత తేల్చి చెప్పింది. కాలేజీ రెసిడెన్స్ వంటింట్లో చేరిన పిల్లలంతా ఒకరి దుప్పటి ఒకరు చూసుకున్నారు. ఈమధ్యే కొత్తది కొనుక్కున్న రేవంత్ మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"చిరుగులెందుకక్కా? చలి అందరికీ ఒకటే కదా" అన్నాడు.

"మరీ నీట్‌గ కనిపిస్తే ఎవరు నమ్ముతరు? నిన్న క్లాసుల నిద్రపోయినవా ఏంది?"

నిద్రపోయిన మాట నిజమే. దేశం కాని దేశంలో, హామిల్టన్‌లోని ఆ కాలేజీ పట్టినంతమందిని కాదు, దొరికినంతమందిని చేర్చుకుని, గదులు చాలక పాత సినిమా హాలొకటి అద్దెకు తీసుకుని పాఠాలు చెప్పిస్తోంది. గోడౌన్లలో పెట్టెలు మోసి వచ్చినవాళ్ళను మెత్తటి కుర్చీల్లో కూర్చోబెడితే నిద్ర పట్టక ఏం పడుతుంది? చరిత మాత్రం చెవులప్పగించి విన్నది. పబ్లిక్ రిలేషన్స్‌కు పునాదులు వేసినవాళ్ళ గురించి పాఠం. దాదాపు వందేళ్ళ కిందట న్యూయార్క్‌లో ఈస్టర్ ఊరేగింపు జరుగుతుంటే కొందరు ఆడవాళ్ళు నడివీధిలో సిగరెట్లు వెలిగించారు. స్త్రీలు ధైర్యం చేశారని పత్రికలు రాశాయి. వాళ్ళ వెనక ఉన్నది సిగరెట్ కంపెనీ ప్రచారం కోసం జీతమిచ్చి పెట్టుకున్న ఓ పెద్దమనిషి. చూడటానికి బాగుండాలి కానీ మోడళ్ళలా మరీ బాగుండకూడదని ఆయన ఏరి మరీ ఎంపిక చేయించాడట. చిన్న లోపం కనిపిస్తేనే జనం నిజమనుకుంటారని ప్రొఫెసర్ ముక్తాయించింది.

ఆ మాట చరిత మనసుకు పట్టింది. సిగరెట్ల కోసం ఆయన వాడిన తెలివిని తను న్యాయం కోసం వాడితే తప్పేముంది? రెసిడెన్స్‌లో హీటింగ్ పాడై జనవరి సగం గడిచింది. ఇద్దరుండాల్సిన గదిలో ఐదుగురిని కుక్కడం తెలిసిన కాలేజీకి మెకానిక్‌ను పిలవడం మాత్రం చేతకాలేదు. చరిత రూమ్మేట్ ధాత్రి న్యుమోనియాతో హాస్పిటల్లో పడి ఉంది. తెల్లారితే కాలేజీ గేటు దగ్గరికి టీవీవాళ్ళు వస్తారు. ధాత్రి సంగతి చరితే చెప్పాలి. ఆమె నోరు విప్పితేనే మిగతావాళ్ళు విప్పుతారు.

ఆ సాయంత్రం ధాత్రిని చూడటానికి బయల్దేరి, పల్చటి జాకెట్లో బస్‌స్టాప్ దగ్గర నిలబడింది. పక్కనే ఎర్ర ఉన్ని కోటు వేసుకున్న పెద్దావిడ.

"గట్ల వణుకుతున్నవేంది బిడ్డా?"

బిడ్డా అన్న పిలుపు విని ఎన్నాళ్ళయిందో. చరిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ పేరు సరోజన, ఊరు చరిత వాళ్ళ కరీంనగర్ దగ్గరే. వద్దన్నా వినకుండా తన కోటు విప్పి చరితకు తొడిగింది. లోపల ఇంకా ఒంటి వెచ్చదనం ఉంది. గుండీలన్నీ ఎర్రవే, మూడోది మాత్రం నల్లది.

"నా బిడ్డ కోటు. గుండీ ఊడితే చేతికి దొరికింది కుట్టిన. నీకు రంగులు తెల్వయా అమ్మా అని నవ్వింది. ఇప్పుడు నవ్వనీకి అది లేదు."

ఆ అమ్మాయి కూడా చదువుకోవడానికే వచ్చిందట. కాలేజీ మీద గొంతెత్తితే సీటు తీసేశారట. సీటు పోతే ఈ దేశంలో ఉండే పర్మిట్ పోయింది, పర్మిట్ పోయాక ఇంటికి ఏ మొహంతో వెళ్ళాలో ఆ పిల్లకు తోచలేదు. సరోజన అక్కడితో ఆపి, చరిత కోటు నల్ల గుండీని తన చేత్తోనే పెట్టింది.

"రేపు టీవీల మాట్లాడే పిల్లవు నువ్వేనట గదా, మనోళ్ళ గ్రూపుల చూసిన. నీ దోస్తును డాక్టర్లు చూసుకుంటరు. ఇంకో తల్లికి నా గతి పట్టనియ్యకు బిడ్డా."

బస్ వచ్చింది. సరోజన ఎక్కలేదు. ఆ చలిలో ఉత్త స్వెటర్‌తో నిలబడి చెయ్యి ఊపింది.

మర్నాడు గేటు దగ్గర చిరుగుల దుప్పట్లన్నీ ముందు వరసలో నిలబడ్డాయి. మైకు చరిత దగ్గరికి వచ్చింది. ఆమె వేళ్ళు నల్ల గుండీని గట్టిగా పట్టుకున్నాయి. తనకు చెప్పడానికి ఏమీ లేదని చెప్పి వెనక్కి జరిగింది. మైకు ముందుకు వెళ్ళడానికి ఇంకెవరికీ ధైర్యం చాలలేదు. టీవీవాళ్ళు కాసేపు చూసి సామాను సర్దుకున్నారు.

"మాట్లాడావా?" అని ధాత్రి హాస్పిటల్ మంచం మీంచి అడిగింది.

చరిత సరోజన కూతురి కథంతా చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. ధాత్రి ఆ గుండీని ఒకసారి తాకి చూసింది.

"ఎవరో తెలీని అమ్మాయి కోసం ఇంత ఏడుస్తున్నావు. నా కోసం రెండు ముక్కలు చెప్పలేకపోయావు కదే" అని గోడవైపు తిరిగింది.

మంచు కరిగే వేళకు హీటింగ్ బాగుచేశారు. అప్పటికే ధాత్రి చదువు వదిలేసి, తగ్గని దగ్గుతో కాకినాడ వెళ్ళిపోయింది. చరిత ఫోన్ చేస్తే ఎత్తదు. కోటు తిరిగిద్దామని చరిత ఎన్నో సాయంత్రాలు అదే బస్‌స్టాప్‌లో నిలబడింది. సరోజన మళ్ళీ కనిపించలేదు. కనీసం ఒక తల్లి మాట నిలబెట్టానని తనకు తాను చెప్పుకుంటూ, ఆ కోటు మీదే చలికాలం గడిపింది. రోజులు గడిచేకొద్దీ అలా చెప్పుకోవడం కష్టమైపోయింది.

మరుసటి చలికాలం, చదువు ముగిశాక మార్కమ్‌లో ఒక పబ్లిక్ రిలేషన్స్ కంపెనీ నుంచి పిలుపొచ్చింది. చరిత అప్లై కూడా చేయలేదు. ఆ ఎర్ర కోటులోనే వెళ్ళిన ఆమెను మేనేజర్ చక్రధర్ గారు లేచి నిలబడి మరీ పలకరించారు.

"మీ కాలేజీ మాకు పాత క్లయింట్. అనవసరమైన గొడవలకు పోని మనిషని వాళ్ళే మీ పేరు చెప్పారు. ముందు మీ కోటు ఆ గదిలో తగిలించి రండి, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం."

చరిత గది తలుపు తీసి లైటు వేసింది. గోడ పొడవునా కడ్డీకి ఎర్ర ఉన్ని కోట్లు వరసగా వేలాడుతున్నాయి.

అన్నిటికీ మూడో గుండీ నల్లదే.