తూము రాయి

"రాయి ఇంకా మునిగే ఉండాదని చెప్పు మామా. శుక్రవారం దాకా చెప్పు, చాలు. నీ సొమ్మేం పోతాది?" హొన్నూరమ్మ పొద్దున్నుంచీ అదే మాట.

"మునిగి ఉంటే ఉండాదంటా. తేలి ఉంటే తేలిందంటా," అన్నాడు బైలప్ప, వాచిన మోకాలికి వేడిచేసిన ఆముదపాకు కట్టుకుంటూ. "నీరుగంటి నోట్లో ఇంకో మాట ఉండదమ్మా."

"నీ నోరు చల్లగుండ! నీ కొడుకు నోట్లో మన్ను పడినా ఉండదా?"

కొడుకు ఓబళప్ప గోడకు ఆనుకొని దగ్గుతున్నాడు. ఊరి చెరువులో చేపల వేలం పాడుకున్నది అతనే. పిల్ల చేపల్ని తెచ్చి వదిలి, కావలి కాసి పెంచింది మొగుడూ పెళ్ళామూ. ఈ ఏడు కూడా వాన రాలేదు. చెరువు ఇంకిపోతోంది. తూము గూట్లో ఎప్పటిదో ఒక గుర్తురాయి ఉంది. నీళ్ళు ఆ రాయి మీద ఉన్నంతకాలం చేపలు వేలం పాడినవాళ్ళవి. నీళ్ళు రాయి కిందికి దిగితే దండోరా వేస్తారు, అప్పట్నుంచీ ఊరందరివీ. దిగిందీ లేనిదీ చెప్పాల్సింది చెరువు నీళ్ళకు కాపలా ఉండే నీరుగంటి. ఆయన ఇంటివాళ్ళు తప్ప ఆ గూట్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

"ఈ పొద్దే వలేస్తే పోలేదా?" అంది అత్త తిప్పమ్మ.

"వలేసి యాడ అమ్ముతావత్తా? తాలూకాలో చెరువులన్నీ ఒక్కతూరే ఎండినాయి. పావగడ సంతలో చేపను ముట్టుకునేవాడు లేడు. చేపలు కొనే ఆ హిందూపురం ఆయప్ప ఐసు లారీ తెచ్చేది శుక్రవారమే. ముందే పట్టుకుంటే కుళ్ళబెట్టుకోవల్ల."

"లారీ లేకుంటే పాయె. బెంగుళూరికి పోతా," అన్నాడు ఓబళప్ప. "కంకర మిషను ఆడనే ఉండాది. మేస్త్రీ నన్ను మర్చిపోలేదు."

"మేస్త్రీ మర్చిపోలేదు. ఆ దుమ్ము కూడా నీ రొమ్ములోంచి పోలేదు. డాక్టరు ఏం చెప్పినాడు? మళ్ళా ఆ పనికి పోతే మనిషి దక్కడన్నాడు. విన్లేదా నువ్వు?"

ఓబళప్ప మళ్ళీ దగ్గసాగాడు. వేరుశనగ చేను ఊడలు దిగకముందే మాడిపోయింది. ఆ ఇంటికి మిగిలింది చేపలే.

బైలప్ప కొడుకు దగ్గు ఆగేదాకా చూశాడు. తర్వాత తల వంచుకొని కోడలితో అన్నాడు. "ఈ మోకాలితో నేను తూములోకి దిగలేను. నువ్వు పోయి చూసి రా తల్లీ. నువ్వేం చెప్తే అదే చెప్తా. నిజమా అని అడగను."

హొన్నూరమ్మకు అర్థమైంది. ఆయన మనసు మళ్ళీ మారకముందే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

చెరువు కట్ట మీద ఊరి ఆడవాళ్ళు గంపలూ, చేపలు పట్టడానికి పాత చీరలూ పెట్టుకొని బారుగా కూర్చున్నారు. వాళ్ళ మొహాలు చూడకుండా తూము మెట్లు దిగింది. గూట్లో చెయ్యి పెట్టింది. రాయి తగల్లేదు. ఇంకా వంగింది. మోచెయ్యి మునిగాక తగిలింది.

గుండెల మీంచి బండ దిగినట్టైంది. అబద్ధం ఆడే పనే లేదు. శుక్రవారం దాకా ఆ చేపలు న్యాయంగానే తమవి.

మెట్లెక్కి వస్తుంటే రంగక్క పలకరించింది. "ఏమ్మే, దిగినాయా?"

"ఏంది రంగక్కా, అంత తొందర?"

"తొందర కాదులే. దండోరా పడతాదని నిన్న పొద్దున్నే కారం నూరితి. పడలా. ఆ కారమే నీళ్ళలో కాంచుకోని తాగితిమి. ఈ పొద్దు మళ్ళా నూరి పెట్టినా."

"మా ఇంట్లోనూ అదే పులుసు," అంది ఇంకొకామె.

"ఉప్పు కూడా వేసుకుంటిరా? దొరసానులు!" అని మరొకామె అంటే అందరూ నవ్వారు.

రంగక్క ఒళ్ళో ఆమె కోడలి పసిబిడ్డ ఉంది. ఏడవడం లేదు. పెదాలు మాత్రం కదుపుతోంది.

"కోడలికి పాలు పడలేదా?"

"ఏం తిని పడాల?"

హొన్నూరమ్మ గొంతు తగ్గించింది. "సందకాడ మా ఇంటికి రా. ఒక చేప ఇస్తా."

"ఒద్దమ్మా. ఇంతమంది ఎండిన కడుపులతో ఉంటే నేనొక్కదాన్నే ఎట్ల వండుకునేది? వాసన రాదా?" రంగక్క బిడ్డను సర్దుకుంది. "వేలం కొడుకుది, రాయి తండ్రిది. ఇంకో ఊరైతే తలకాయలు పగిలేవి. ఈడ మీ మామ దిగలేదంటే దిగలేదు. కాసుకోని ఉంటాం లే, నువ్వు పో."

హొన్నూరమ్మ పోలేదు. వంగి బిడ్డ బుగ్గ మీద వేలు పెట్టింది. చెరువు నీళ్ళతో ఇంకా తడిగా ఉన్న ఆ వేలిని బిడ్డ నోటితో అందుకుంది. చప్పరించింది. పాలు రాకపోయినా వదల్లేదు. చివరికి రంగక్కే విడిపించాల్సి వచ్చింది.

హొన్నూరమ్మ ఇంటికి వచ్చేసరికి అందరూ గడప దగ్గరే ఉన్నారు. ఓబళప్ప గోడ పట్టుకొని లేచి నిలబడ్డాడు. తిప్పమ్మ చేతులు జోడించుకొని ఉంది. బైలప్ప కోడలి మొహంలోకి చూడలేదు.

"దిగలేదు కదా తల్లీ?" అన్నాడు నేలను చూస్తూ. "దిగలేదనే చెప్తాలే. పాపం ఏదన్నా ఉంటే నాకే తగలనీ."

ఓబళప్పకు మళ్ళీ దగ్గు అందుకుంది. హొన్నూరమ్మ అటు చూడలేదు. మోచేతిదాకా తడిసిన చేతిని కొంగు కింద దాచుకుంది.

"రాయి తేలింది మామా," అంది మెల్లగా. "దండోరా వేయించు."