చుక్కల బోర్డులు

"ఇది పనికిరాదు సార్. 'మందుల గది'లో ఒక చుక్క లేవలేదు."

చెకింగ్ మేడం బోర్డుని పక్కకు నెట్టేసింది. షాపులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. పుట్టుకతో చూపు లేదు. చూపులేనివాళ్ళు వేళ్ళతో చదువుకునే బ్రెయిలీ బోర్డులు ఆ ప్రింటింగ్ షాపులో తయారవుతాయి. వాటిని తడిమి బాగుంటే సరేననడం, లేకపోతే వద్దనడం ఆమె ఉద్యోగం.

ఓనరు తల పట్టుకున్నాడు. "ఏమ్మోయ్, ఒక్క చుక్కేగా! ఎవడు చూడొచ్చాడు?"

"చూసేవాళ్ళు రారు సార్. తడిమేవాళ్ళు వస్తారు."

మెషిన్ దగ్గరున్న ఆపరేటర్ కిసుక్కున నవ్వాడు. ఆ బోర్డు మళ్ళీ వెయ్యాల్సింది తనేనని గుర్తొచ్చి వెంటనే మూతి ముడిచాడు. చుక్క చేతికి తగలాలంటే సిరా మీద సిరా, పొర మీద పొర పడుతూ ఉండాలి. పడిన పొరని మెషిన్‌లో దీపం అక్కడికక్కడే గట్టిపరుస్తుంది. మామూలు బోర్డయితే చిటికెలో పని, ఇదేమో ఎంతకీ తెమలదు. ఆసుపత్రివాళ్ళు కొత్త భవనంలో ప్రతి గదికీ ఇవే కావాలన్నారు. ప్రారంభోత్సవం రేపే.

"రేపటికి అయ్యేట్టు లేదు సార్," అన్నాడు ఆపరేటర్.

"అవుతుంది. మీరిద్దరూ ఇళ్ళకి పొండి. మిగతావి నేను చూసుకుంటాను."

"మరి చెకింగ్?" అందామె.

"రేపు అక్కడే, అందరి ముందూ చేద్దువుగాని. చూపులేనామె చదివి బాగుందంటేనే ఒప్పుకుంటానంది ఆసుపత్రి డైరెక్టరమ్మ. ఆవిడ ఊఁ అంటే వాళ్ళ మిగతా ఆసుపత్రుల పని కూడా మనకే, నీ ఉద్యోగం పర్మినెంటు. కాదందనుకో, షాపుకి తాళమే. ముందు లేచేది నీ కుర్చీ."

ఆ కుర్చీ పోతే ఆమె మళ్ళీ అన్నయ్య ఇంటికి వెళ్ళాలి. అక్కడ వదిన మంచిదే, పాపం. టైముకి కంచం చేతికందించి, "నువ్వు కదలకు, ఏదైనా పగలగొడతావు," అని గోడవార కూర్చోబెడుతుంది. ఆరేళ్ళు అలాగే కూర్చుంది. ఇప్పుడు హాస్టల్లో తనకో గది ఉంది, గదికి తాళం ఉంది, తాళంచెవి తన కొంగుకే ఉంది. వదులుకోమంటే ఎవరు మాత్రం వదులుకుంటారు?

సాయంత్రం చిన్నప్పటి స్నేహితురాలు ఫోన్ చేసింది. ఇద్దరూ చూపులేనివాళ్ళ బడిలో ఒకే బెంచీ.

"రేపట్నుంచి ఆ ఆసుపత్రికి నేనొక్కదాన్నే వెళ్తానే! మా ఆయన ప్రతిసారీ సెలవు పెట్టి సణుగుతూ తీసుకెళ్తాడు. పోయినసారి ఆయన టీకి వెళ్ళొచ్చేలోగా నేను మగాళ్ళ బాత్రూంలోకి వెళ్ళిపోయాను. ఎంత నవ్వారనుకున్నావు! సిగ్గుతో చచ్చిపోయాననుకో."

"ఇంక ఆ బాధ లేదులే. దగ్గరుండి చూస్తున్నానుగా."

"నువ్వు చూశావంటే నాకింకేం భయం!"

మర్నాడు ఓనరు తనే కారులో తీసుకెళ్ళాడు. ఏసీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. రోజూ "ఏమ్మోయ్" అనే మనిషి "అమ్మా" అని తప్ప పిలవలేదు.

"మొదటిది ఎక్స్‌రే గది. పక్కది రక్తపరీక్ష. ఆ తర్వాత ఆడవాళ్ళ బాత్రూం, చివర లిఫ్టు. గుర్తుంచుకోమ్మా."

"చదువుతానుగా సార్, గుర్తెందుకు?"

"జనంలో కంగారుపడతావేమోనని. ఒకటీ అరా చుక్క తేడా ఉన్నా ఇవాళ్టికి చూసీ చూడనట్టు పో."

"ఆ పని నాకు బాగా వచ్చు సార్," అందామె. ఓనరు కొంచెం ఎక్కువగానే నవ్వాడు.

ఆసుపత్రి నిండా జనం. కొత్త రంగు వాసన, కెమెరాల చప్పుడు.

"ఎవరూ చెయ్యి పెట్టకండి! వేలిముద్రలు పడితే ఫొటోలో మచ్చలొస్తాయి," అని ఓనరు అరుస్తున్నాడు. "మా మేడం ఒక్కరే ముట్టుకుంటారు."

ఆమెను మొదటి తలుపు దగ్గర నిలబెట్టారు. బోర్డు మీద వేళ్ళు పెట్టింది. ఆగింది. తీసి చీరకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది.

"ఏమ్మా, ఏదైనా తేడానా?" అంది డైరెక్టరమ్మ.

ఓనరు ఆమె చెవి దగ్గరికొచ్చి, "అమ్మా, నీ కుర్చీ," అన్నాడు.

ఆమె చెయ్యి కొంగులో తాళంచెవిని వెతుక్కుంది. రెండో చేతి వేళ్ళు మెల్లగా ఎడమ నుంచి కుడికి జరిగాయి.

"ఎక్స్‌రే గది."

చప్పట్లు మోగాయి. రక్తపరీక్ష. ఆడవాళ్ళ బాత్రూం. లిఫ్టు. ఎక్కడా తడబడలేదు. డైరెక్టరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "ఎంత చక్కగా చదివావమ్మా! ఇంక మీవాళ్ళు ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు," అంది. బోర్డులన్నీ బాగున్నాయన్న కాగితం మీద ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఓనరు అక్కడికక్కడే "పర్మినెంటు!" అని ప్రకటించేశాడు.

ఇంతలో ఫోన్ మోగింది. స్నేహితురాలు.

"అయిపోయిందా? ఎలా ఉన్నాయే?"

"బాగున్నాయి."

"నేను సోమవారం ఒంటరిగా రావచ్చు కదా? మా ఆయనకి గొప్పగా చెప్పేశాను కూడా!"

ఆమె ముక్కు ఎగబీల్చి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమిటే? ఏడుస్తున్నావా?"

"సంతోషంతోనే. రా, ఏం భయం లేదు," అందామె.

ఆ పొద్దున ఏ బోర్డు మీదా ఆమె వేళ్ళకి ఒక్క చుక్క కూడా తగల్లేదు.