ఆడపిల్లలకు మాత్రమే

"నెలనెలా మీ రొమ్ముల్ని మీరే తడిమి చూసుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

లెక్చర్ హాలు నిండా కాబోయే లేడీ డాక్టర్లే. ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ తేలు కుట్టిన దొంగల్లా బల్లల వంక చూశారు.

అడిగిన ఫైనలియర్ సీనియర్‌కి ఒళ్ళు మండింది. జూనియర్లు చాటుగా ఆమెను ఫైరింజన్ అంటారు. ఫైరింజన్ మంటలార్పుతుంది, ఈవిడ అంటిస్తుంది. అంతే తేడా.

"పరీక్షలో అడిగితే పేజీలకు పేజీలు నింపేస్తారు. సొంత ఒంటి దగ్గరకొచ్చేసరికి సిగ్గా? తలుపేశాను. నేర్చుకోకుండా ఒక్కరు కదిలితే చూడండి!"

"అక్కా, అది కాదూ..." కళ్ళజోడు పిల్ల వెనక్కి చూపించింది.

చివరి బెంచీలో కాలేజీ ఎలక్ట్రీషియన్. ఫ్యాను బాగుచేయడానికొచ్చాడు. ఫ్యాను తిరుగుతోంది. మనిషి మాత్రం తిష్ట వేశాడు.

"బాబాయ్, పనైపోయిందిగా? ఇది ఆడపిల్లల క్లాసు. బయటికి నడవండి."

"నడవను."

"ఏంటీ?"

"నడవనంటున్నా. తలుపు మీద 'రొమ్ము పరీక్ష, ఆడపిల్లలకు మాత్రమే' అన్న కాగితం చదివే కూర్చున్నా."

"ప్రిన్సిపాల్ని పిలుస్తా."

"పిలువు తల్లీ. ఉద్యోగం పీకేస్తే పీకేయనీ."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఇక్కడ మొండివాళ్ళు ఇద్దరు. ఈయనతో పేచీ పెట్టుకుంటే ఆ సాకుతో గదంతా ఖాళీ అయిపోతుందని ఆమెకు తెలుసు. పోయినేడు ఆమె రూమ్మేటు కూడా ఇలాగే సిగ్గుపడింది. ఇప్పుడు ఆ మంచం ఖాళీ.

"సరే, కూర్చోండి. మీ చూపులకు జడిసి మా ప్రాణాలు పోగొట్టుకోం."

తెల్లకోటు మీంచే చూపించింది. ఎడమ చెయ్యి తల వెనక్కి. కుడిచేతి మూడు వేళ్ళు ఆనించి, చిన్న చిన్న చుట్లు. చంక దాకా.

"గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, రేపు చూద్దాంలే అనుకోకండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. కళ్ళజోడు పిల్ల నవ్వలేదు. చెయ్యి తల వెనక్కి పెట్టింది. దాన్ని చూసి పక్కపిల్ల. ఆ వెనకాల వరస మొత్తం.

అంతలో ఒకమ్మాయి గొంతు: "అక్కా, ఆయన్ని చూడు! కళ్ళార్పకుండా నీ చేతినే చూస్తున్నాడు, మింగేసేలా!"

నిజమే. కనీసం తల కూడా దించుకోలేదు.

ఫైరింజన్ బెంచీల మధ్య నుంచి దూసుకెళ్ళింది. "కూతుళ్ళ వయసు వాళ్ళం, సిగ్గు లేదూ? ఆడవాళ్ళ పాఠంతో మీకేం పని?"

ఆయన లేచి నిలబడి, చొక్కా గుండీలు విప్పి, ఎడమవైపు లోపలికి లాక్కుపోయిన చనుమొన పక్కనున్న గోళీ అంత గడ్డ మీద, ఆమె నేర్పినట్టే మూడు వేళ్ళు ఆనించి, "ఇదేంటో చెప్పు డాక్టరమ్మా, అప్పుడు పోతా" అన్నాడు.